అటు కాజీపేట, ఇటు బల్లార్షా

జమ్మికుంట రైలుస్టేషనులో నిలుచున్న విద్యార్థికి మొదటినుండియు రెండే దిక్కులు గోచరించుచు వచ్చినవి. దక్షిణముగా పోవు బండి ఎక్కినచో ఉప్పల్, హసన్‌పర్తి దాటి కాజీపేట చేరి, అచ్చటినుండి హనుమకొండకో హైదరాబాదుకో పోవచ్చును. ఉత్తరముగా పోవు బండి ఎక్కినచో పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు మీదుగా వార్ధానదిని దాటి బల్లార్షాయు, ఆపై నాగపురమును, ఓపిక యున్నచో కాశీయు ఢిల్లీయు చేరవచ్చును. అర్థశాస్త్రము చదువదలచినవాడు ఏ విశ్వవిద్యాలయమును ఎన్నుకొనవలెనన్న ప్రశ్న ఈ ఊరిలో మొదట ఏ బండి ఎక్కవలెనన్న ప్రశ్నగాను, పిదప ఏ భాషలో చదువవలెనన్న ప్రశ్నగాను ఉండి, చిట్టచివరకు మాత్రమే ఏ ఆచార్యుని సన్నిధిని చదువవలెనన్న ప్రశ్నగా మారినది. ఆ మార్పు ఎట్లు కలిగినదో చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

విశ్వవిద్యాలయముల మాట ఎత్తుటకు ముందు ఊరి సంగతి కొంత చెప్పవలెను. జమ్మికుంట పత్తి బేరమునకు పేరుపడిన ఊరు. శరదృతువు ముగియువేళ చుట్టుప్రక్కల నల్లరేగళ్లలో పండిన పత్తి, పూర్వము ఎడ్లబండ్లమీదను ఇప్పుడు ట్రాక్టర్లమీదను వచ్చి మార్కెట్టు ఆవరణమున కుప్పలు పడును. అడ్తిదారు, ఖరీదుదారు, దడువాయి, హమాలీ — ఒక్కొక్కనికి ఒక్కొక్క పని, ఆ పనికి తగిన కూలియో దస్తూరియో కలదు. తేమ ఇంత యున్నదని, గింజ నాసిగా నున్నదని, తరుగు ఇంత తీయవలెనని జరుగు వాదోపవాదములలో ధరానిర్ణయ సిద్ధాంతమంతయు ఇమిడియున్నది. అప్పిచ్చిన అడ్తిదారునికే సరకు అప్పగింపవలసివచ్చిన రైతునకు ‘స్వేచ్ఛావిపణి’ అనుమాటయొక్క అర్థమేమో, ఆ స్వేచ్ఛకు హద్దులెక్కడ నున్నవో, ఏ పుస్తకమును చదువకయే తెలియును. నిజాము ప్రభుత్వము 1339 ఫస్లీలో, అనగా 1930లో, హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టమును చేసి, తూకమును దస్తూరులను ఒక క్రమమునకు తెచ్చుటకు యత్నించినది. ఇట్టి ఊరిలో పుట్టిన బాలుడు తండ్రి చేతిలోని చిట్టీని చూచి, అందలి కోతలు ఎందులకని అడిగిననాడే అర్థశాస్త్ర విద్యార్థి యయ్యెనని నా నమ్మకము. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము ఏ విద్యాపీఠమున, ఏ భాషలో దొరకుననునదే చిక్కు.

అర్థశాస్త్రమునకు విశ్వవిద్యాలయములలో ప్రత్యేకాసనము లభించి ఆనాటికి ఎక్కువకాలము కాలేదు. కేంబ్రిడ్జిలో ఆల్ఫ్రెడ్ మార్షల్ పట్టుదలవలన ఈ శాస్త్రమునకు వేరుగా పట్టపరీక్ష ఏర్పడినది 1903లో. మదరాసు విశ్వవిద్యాలయమునకు తొలి అర్థశాస్త్రాచార్యుడుగా గిల్బర్టు స్లేటరు 1915లో వచ్చి, తన విద్యార్థులను వారివారి గ్రామములకు పంపి, ఇంటింటి ఆదాయవ్యయములను వ్రాయించి, 1918లో దక్షిణదేశ గ్రామములనుగూర్చిన గ్రంథమును వెలువరించెను. పుణెలో గోఖలే సంస్థ 1930లో డి. ఆర్. గాడ్గిల్ సారథ్యమున వెలసినది. తెలుగున కట్టమంచి రామలింగారెడ్డి గారు ‘భారత అర్థశాస్త్రము’ రచించి, ఈ శాస్త్రమును మన నుడికారమున చెప్పుట సాధ్యమేనని నిరూపించిరి. అయితే ఆ గ్రంథము మదరాసు రాజధానిలోని తెలుగువారికి అందినంత సులభముగా నిజాము రాష్ట్రములోని తెలుగువారికి అందలేదు. ఇచ్చటి పాఠశాలలలో తెలుగునకు పీట లేకుండుటయే దానికి హేతువు.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. భారతదేశమున ఒక దేశభాషను సర్వవిద్యలకు బోధనభాషగా చేసిన ప్రథమ విశ్వవిద్యాలయ మదియే. దానికి ముందే, 1917లో, ఏర్పడిన అనువాదశాల — దారుల్ తర్జుమా — పాశ్చాత్యశాస్త్రములను ఉర్దూలోనికి దింపుటకు పూనుకొన్నది. అర్థశాస్త్రమునకు ఉర్దూలో అప్పటికే పునాది కలదు: కవియైన ఇక్బాలు 1904లోనే ‘ఇల్ముల్ ఇక్తిసాద్’ వ్రాసియుండెను, ఇల్యాస్ బర్నీ 1917లో ‘ఇల్ముల్ మయీషత్’ను వెలువరించి, పిదప ఉస్మానియాలో ఆ శాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. పరభాషలో పుట్టిన పారిభాషికపదమున కొక్కొక్కదానికి దేశభాషలో మాట పుట్టించుట ఎంతటి తపస్సో ఆ పని చేసినవారికే తెలియును. దానిని తక్కువచేసి మాటాడుట నాకు సమ్మతము కాదు. ఆంగ్లమే జ్ఞానమునకు ద్వారమని దేశమంతయు నమ్మియున్న కాలమున, ద్వారములు వేరుగా కూడ కట్టుకొనవచ్చునని చూపినవారు ఆ అనువాదకులు.

అయినను జమ్మికుంట ప్రాంతపు తెలుగు బాలునికి ఆ ద్వారము సొంత యింటి ద్వారము కాలేదు. ఇంట తెలుగు, పొలమున తెలుగు, మార్కెట్టున తెలుగుతో కలిసిన ఉర్దూ, బడిలో ఉర్దూ, కళాశాలలో మరింత గంభీరమైన పారశీకారబీ పదభూయిష్ఠమైన ఉర్దూ — ఇట్లు మెట్టుమెట్టునకు తల్లిభాష దూరమగుచు పోయినది. రాష్ట్రమున అధికసంఖ్యాకుల భాష తెలుగై యుండగా, దేశభాషావిద్య యను ఉదాత్తాశయము వారి భాషను మాత్రము వదలి నడచుట ఆ మహాప్రయత్నములోని లోపము. మరియొక మార్గము నిజాము కళాశాల. 1887లో ఏర్పడిన ఆ కళాశాల మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, ఆంగ్లమున బోధించుచు, హైదరాబాదులో నుండియే మదరాసు పట్టమును ఇప్పించుచుండెను. 1947లో గాని అది ఉస్మానియాలో చేరలేదు. కావున ఆ దినములలో ఒకే నగరమున రెండు విశ్వవిద్యాలయముల పట్టములు దొరకుచుండెను: ఒకటి నిజాము కొలువున ఉద్యోగమునకు పనికివచ్చు ఉర్దూ పట్టము, మరియొకటి రాష్ట్రపు ఎల్లలు దాటియు చెల్లు ఆంగ్ల పట్టము. పల్లెటూరి రైతు కుమారుడు సామాన్యముగా మొదటిదానికే పోయెడువాడు. రెండవది నగరమున సంపన్నగృహముల వారికి సన్నిహితము. అచ్చటి ఖర్చు ఒక ఆటంకము, ఆంగ్లము మరియొక ఆటంకము.

ఇట్లు అంతవరకు కాజీపేట దిక్కే దిక్కుగా నున్న విద్యార్థులకు ఉత్తరదిశ ఒక్కసారిగా తెరచుకొనినది 1938 చివర. ఉస్మానియా వసతిగృహములలో హిందూ విద్యార్థులు ప్రార్థనవేళ వందేమాతరము పాడుటను అధికారులు నిషేధించిరి, విద్యార్థులు మానమనిరి, వసతిగృహములనుండియు తరగతులనుండియు పెక్కుమంది బహిష్కృతులైరి. ఆ ఉద్యమము రాజధానిలోనే ఆగక వరంగల్లు మొదలైన చోట్లకును ప్రాకినది. అట్లు బహిష్కృతులైన వారిలో హుజూరాబాదు ప్రాంతమునకు చేరువనున్న వంగర గ్రామమున పెరిగిన పాములపర్తి వేంకటనరసింహారావు ఒకరు. చదువు మధ్యలో తెగిపోయిన ఆ యువకులను ఏ విద్యాపీఠము చేర్చుకొనునాయని అందరును ఎదురుచూచుచుండగా, నాగపుర విశ్వవిద్యాలయ ఉపకులపతి టి. జె. కేదార్ గారు ద్వారములు తెరచి వారిని ఆహ్వానించిరి. నరసింహారావు గారు నాగపురమున చదువు కొనసాగించి, పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో శాస్త్రపట్టమును, మరల నాగపురముననే న్యాయశాస్త్రపట్టమును పొందిరి. ఆయన చదివినది అర్థశాస్త్రము కాదు. కాని దేశముయొక్క అర్థవ్యవస్థను 1991లో మలుపు త్రిప్పు బాధ్యత ఆయన భుజములమీదనే పడినది.

నాగపురమే ఎందులకు? కేదార్ గారి ఔదార్యము మొదటి కారణము, సందేహము లేదు. కాని ఆ ఔదార్యము ఇంత సులభముగా ఫలించుటకు రైలుమార్గము రెండవ కారణము. కాజీపేట బల్లార్షాల నడుమ ఇనుపదారి 1929లో పూర్తియై, మదరాసును ఢిల్లీతో సూటిగా కలిపినది. అంతకు పూర్వము నాగపురము పోదలచినవాడు ఎంతయో చుట్టు తిరిగి పోవలసినవాడు. 1938 నాటికి తెల్లవారి ఎక్కిన బండి చీకటిపడువేళకు చేర్చు నగరమది. తొమ్మిదేండ్ల క్రిందట వేసిన పట్టాలు లేకున్నచో, ఆ విద్యార్థులలో ఎందరి చదువు ఇండ్లలోనే ముగిసియుండెడిదో ఊహింపవచ్చును. చరిత్రకారులు ఉద్యమమును వర్ణించునపుడు పట్టాలను మరచిపోవుదురు. నాకది న్యాయముగా తోచదు.

ఆ ప్రయాణమే ఒక అర్థశాస్త్ర పాఠము. జమ్మికుంట పత్తిని విడిచి బయలుదేరిన బండి కిటికీ ప్రక్క కూర్చున్న యువకునికి పెద్దపల్లి వరిచేలు, రామగుండము దాటగానే గోదావరి, దాని ఆవలి యొడ్డున మంచిర్యాల, బెల్లంపల్లి కడ సింగరేణి బొగ్గుగనుల గుట్టలు, సిర్పూరు కడ వెదురడవిని నమ్ముకొని అప్పుడప్పుడే వెలయుచున్న కాగితపు మిల్లు వరుసగా కనబడును. భూమి, శ్రమ, మూలధనము అని గ్రంథములలో మూడు మాటలుగా నున్నవి ఇచ్చట పొలములుగా, గనికూలీలుగా, పొగగొట్టములుగా కన్నులయెదుట సాగిపోవును. ఆపై వార్ధా దాటగానే మరియొక పాఠము మొదలగును. నిజాము రాష్ట్రమున చెల్లునది హాలీ సిక్కా. ఆంగ్లేయ భారతమున చెల్లునది కల్దారు రూపాయి. నూరు కల్దారు రూపాయలకు నూటపదునారు రూపాయల పదియణాల ఎనిమిది పైల హాలీ సిక్కా ఇచ్చుకొనవలెను. అనగా ఏడు హాలీలకు ఆరు కల్దారులు. కుమారుని ఫీజుకును భోజనవసతికిని తండ్రి పంపు ప్రతి రూపాయియు ఎల్లదాటునప్పుడు ఏడవ వంతు తరుగుకు లోనగుచుండెను. మార్కెట్టులో తరుగు తీయువానిని చూచి పెరిగిన యువకునికి ఇది క్రొత్తకాదు; కాని ఒక దేశమునకు రెండు నాణెములెందులకు, ఆ మారకపు వెలను ఎవరు నిర్ణయించిరి, హద్దునందు కరోడ్‌గిరీ సుంకము కట్టు పత్తివ్యాపారి ఆ భారమును ఎవరి నెత్తిన వేయుచున్నాడు అను ప్రశ్నలు అప్పుడు పుట్టక తప్పవు. విదేశమారకమునుగూర్చిన అధ్యాయమును అనుభవించి చదివినవారు భారతీయ విద్యార్థులలో అరుదు. హైదరాబాదు రాష్ట్రమునుండి పోయిన ప్రతివాడును అనుభవించియే చదివెను. హాలీ సిక్కా 1950నుండి భారతీయ రూపాయితోపాటు నడచి, 1959లో పూర్తిగా అంతరించినది.

నాగపురమున బోధనభాష ఆంగ్లము. ఉర్దూలో అర్థశాస్త్రపు తొలిమెట్లు ఎక్కి, నడుమ ఆంగ్లమునకు మారవలసివచ్చిన విద్యార్థి, ఒకే సిద్ధాంతమును రెండు భాషలలో రెండుమారులు నేర్వవలసినవాడయ్యెను. శ్రమయే, కాని అందు ఒక లాభమును కలదు: మాట వేరు, భావము వేరు అను వివేకము అట్టివానికి అలవడును.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలసిన పిదప ఉస్మానియాలో ఉర్దూ స్థానమును ఆంగ్లము ఆక్రమించినది. తెలుగు విద్యార్థి దృష్టిలో ఒక పరభాష పోయి మరియొక పరభాష వచ్చినది. అయితే శాస్త్రపు నడక మాత్రము మారినది. ఇంతకాలము ఆంగ్లదేశపు ఉదాహరణలతో నడచిన పాఠము పల్లెలవైపు తలత్రిప్పినది. ఈ మరలింపునకు ఆద్యుడు ఎస్. కేశవయ్యంగారు. ఆయన 1929–30లోనే రాష్ట్రపు గ్రామములలో ఆర్థికపరిశోధనలు జరిపి సంపుటములుగా వెలువరించి, మరల 1949–51లో గ్రామీణార్థిక విచారణలను నడపిరి. ఇరువది ఏండ్ల అంతరముతో ఒకే పండితుడు ఒకే రాష్ట్రమును రెండుమారులు కొలుచుట అరుదైన సంఘటన. పిదప ఎ. ఎం. ఖుస్రో గారు, 1949లో జాగీర్దారీ రద్దయి, 1950లో కౌలుదారీ చట్టము వచ్చిన తరువాత, ఆ సంస్కరణల ఫలమెవరికి దక్కినదో, కౌలుదారు భూమిపై నిలిచెనో తొలగింపబడెనో విచారించి, 1958లో గ్రంథమును ప్రకటించిరి. రక్షణ పొందిన కౌలుదారులలో కాగితముమీద నిలిచినవారెందరు, నేలమీద నిలిచినవారెందరు అను విచారణ కరీంనగరు రైతునకు తన యింటి కథయే. అప్పటికి ఉస్మానియా అర్థశాస్త్రము జమ్మికుంటవాని కొరకు చెప్పబడు శాస్త్రముగా కూడ పరిణమించినదని నేను భావింతును.

అప్పటినుండి ఆచార్యుని చూచి విద్యాపీఠమును ఎన్నుకొను కాలము మొదలైనది. స్వాతంత్ర్యానంతరము, 1949లో, వి. కె. ఆర్. వి. రావు గారు ఢిల్లీలో స్థాపించిన అర్థశాస్త్ర విద్యాలయము దేశమంతటి యువకులను ఆకర్షించినది. 1929లో కరీంనగరు జిల్లాలో జన్మించిన సి. హెచ్. హనుమంతరావు గారు ఢిల్లీ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, షికాగోలో అనంతరపరిశోధన సాగించి, వ్యవసాయార్థికమున దేశప్రసిద్ధులై, 1982 నుండి నాలుగేండ్లు ప్రణాళికాసంఘ సభ్యులుగా నుండిరి. 1975లో ప్రకటితమైన వారి గ్రంథము హరితవిప్లవపు లాభములు ఎవరికి ఎంతెంత పంచబడినవో విచారించినది: యంత్రము కూలివానికి ఏమి చేసినది, ఎరువు చిన్నరైతునకు ఏమి చేసినది అనునవే అందలి ప్రశ్నలు. మెట్టపంటల జిల్లాలో పుట్టినవానికి అవి సహజమైన ప్రశ్నలు.

మరియొకరు ఆత్మకూరు కడ అక్కంపేటలో 1934లో జన్మించిన కొత్తపల్లి జయశంకర్ గారు. ఉత్తరదిశగా పోవు బండి వారిని కాశీకిని అలీగఢమునకును కొనిపోయినది. డాక్టరేటు మాత్రము ఉస్మానియాలో. వరంగల్లు సి. కె. ఎం. కళాశాలకు ప్రధానాచార్యులై, పిదప కాకతీయ విశ్వవిద్యాలయమునకు 1991లో ఉపకులపతులై, తమ శాస్త్రమును ఒక ప్రాంతపు ఆదాయవ్యయముల లెక్కకు అంకితము చేసిరి. ఈ లెక్క విషయము కొంత చెప్పవలెను. 1969లో తెలంగాణమంతటను విద్యార్థులు తరగతులు విడచి వీథులకెక్కినప్పుడు వారి నినాదములలో ‘మిగులు నిధులు’ — తెలంగాణపు ఆదాయమున అచ్చట వెచ్చింపక మిగిలినవి — అను మాట ఉండెను. ఆ మిగులెంతయని తేల్చుటకు లలిత్‌కుమార్ సంఘము, ఆపై భార్గవ సంఘము నియమింపబడినవి. ప్రభుత్వపు ఆదాయవ్యయపట్టికలోని ఒక పంక్తి పల్లెపల్లెన చర్చనీయాంశమైన సందర్భములు లోకమున పెక్కు లేవు. ఒక సంవత్సరపు చదువు పోగొట్టుకొన్న ఆ తరము అర్థశాస్త్రమును పరీక్షకొరకు గాక వాదనకొరకు చదివినది.

భాష విషయమున న్యాయము ఆ కాలముననే ప్రారంభమైనది. 1968 ఆగస్టులో తెలుగు అకాడమి ఏర్పడినది. దానిని నెలకొల్పిన విద్యామంత్రి, ముప్పదేండ్ల క్రిందట బహిష్కృతుడై నాగపురము చేరిన ఆ వంగర యువకుడే. ఉర్దూలో మొదలై ఆంగ్లమున ముగిసిన తన తరపు చదువు ఎంత క్లేశకరమో ఎరిగినవాడు చేసిన పని యిది. అకాడమి అర్థశాస్త్ర గ్రంథములు ‘ఉపాంత ప్రయోజనము’, ‘ఉదాసీనతా వక్రరేఖ’, ‘డిమాండు వ్యాకోచత్వము’ వంటి మాటలను పట్టభద్రవిద్యార్థుల నోట పలికించినవి. ఈ పదములు కఠినములని ఆక్షేపించువారున్నారు. నేను కొంతవరకు ఏకీభవింతును. గిరాకి, బేరము, తరుగు, అడ్తి, నాగు, కైలు అని మార్కెట్టులోను కల్లములోను నిత్యము వినబడు మాటలకు ఆ గ్రంథములలో మరింత చోటు దక్కవలసియుండెను. అయినను ఉర్దూకు దారుల్ తర్జుమా చేసిన సేవను తెలుగునకు చేయు సంస్థ ఏబదేండ్లు ఆలస్యముగానైనను పుట్టినదని సంతసింపవలెను.

విద్యాపీఠములు తామే ఊరికి చేరువగుట ఆ తరువాతి కథ. వరంగల్లులో ఉస్మానియా స్నాతకోత్తర కేంద్రముగా నున్నది 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయమైనది. జమ్మికుంటనుండి ఉదయపు బండి ఎక్కి, తరగతులు విని, సాయంకాలమునకు ఇల్లు చేరుట సాధ్యమైనది. దీనివలన కలిగిన గొప్ప మార్పు ఆడపిల్లల చదువు. ఉస్మానియా యుగమునను నాగపుర యుగమునను ఈ వ్యాసమున ‘యువకుడు’ అనియే వ్రాయవలసివచ్చినది. వసతిగృహము, దూరపు నగరము, మారకపు రూపాయి అను మూడు అడ్డంకులను దాటి కుమార్తెను పంపు తండ్రి ఆ కాలమున అరుదు. మారకపు రూపాయి అంతకు ముందే అంతరించియుండగా, గంటసేపటి ప్రయాణదూరమున విశ్వవిద్యాలయము వెలసినప్పుడు మిగిలిన రెండును ఒక్కసారిగా తొలగినవి. 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము పనిచేసికొనుచు చదువువారికి దారి చూపినది. పిదప కరీంనగరుననే శాతవాహన విశ్వవిద్యాలయము వచ్చినది. 2016 నుండి ‘దోస్త్’ పద్ధతిలో ఒకే దరఖాస్తుపై రాష్ట్రమందలి విశ్వవిద్యాలయముల కళాశాలలను వరుసగా కోరుకొనవచ్చును.

చేరువగుట ఒక్కటే చాలునా యన్న ప్రశ్న 1997–98 చలికాలమున తీవ్రముగా ముందుకు వచ్చినది. పత్తిచేలను పురుగు తినివేయగా, మందుల అంగడిలో అప్పు పెరిగి, వరంగల్లు ప్రాంతమున రైతులు ఆ మందునే త్రాగి మరణించుచుండిరి. విత్తనము, మందు, అప్పు, అమ్మకము నాలుగును ఒకే వ్యాపారి చేతిలో నున్నప్పుడు రైతు బేరముయొక్క స్వరూపమేమి? ఇది ఇరుగుపొరుగు జిల్లాల తరగతిగదులలో ప్రతిధ్వనింపవలసిన ప్రశ్న. దానికి శాస్త్రీయమైన సమాధానములు వెదకిన వారిలో నాడు ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున ఆచార్యురాలైన జయతీ ఘోష్ గారి నాయకత్వమున 2004లో నియమితమైన రైతుసంక్షేమ సంఘము ముఖ్యమైనది. మన మార్కెట్టు ప్రశ్నకు ఢిల్లీనుండి ఆచార్యులు రావలసివచ్చెనని చిన్నబుచ్చుకొనుట నా అభిమతము కాదు. ఆ విద్యాపీఠములందు మన పిల్లలు కూర్చుండవలెనని మాత్రము నా ఆకాంక్ష. హైదరాబాదున 1974లో వెలసిన కేంద్రీయ విశ్వవిద్యాలయమునకుగాని, ఢిల్లీకిగాని, కాశీకిగాని పోవుటకు 2022 నుండి దేశమంతటికిని ఒకే ప్రవేశపరీక్ష నడచుచున్నది. తెలుగుతో సహా పదమూడు భాషలలో ఆ పరీక్ష వ్రాయవచ్చును. లోపలికి పోయిన తరువాత పాఠము మాత్రము ఎక్కువగా ఆంగ్లముననే.

ఇప్పుడును ఆ స్టేషనున రెండు దిక్కులకు బండ్లు నడచుచున్నవి. కాకతీయకు పోవువారు కాజీపేట బండికొరకును, ఢిల్లీకి పోవువారు పెట్టెలు సర్దుకొని ఉత్తరపు బండికొరకును నిరీక్షింతురు. వార్ధానది దాటునపుడు నాణెము మార్చుకొనవలసిన పని నేడు లేదు. సుంకపు నాకా లేదు. తండ్రి పంపిన రూపాయి రూపాయిగానే చేరును. సిర్పూరు గడచిన కొంతసేపటికి స్టేషను పలకలమీద తెలుగు అక్షరము మాత్రము కనుమరుగగును.